ఇంటి అబద్ధం

సోమవారం

పక్క వాటాలో వెంకాయమ్మ గారికి పొద్దున్నే కొడుకు ఫోన్ చేశాడు. మధ్యలో ఉన్నది రేకు గోడ కాబట్టి ఆమె మాటలు నాకు వినిపిస్తాయి. "మన గేదె ఏ రంగురా?" అని అడిగింది. అవతలి జవాబు వినపడలేదు. "సరే, చెప్పు. జ్వరం తగ్గిందా?" అని మాటల్లో పడింది.

గట్టుపేటలో గేదెలు లేవు. ఉప్పునీటిలో స్తంభాలు పాతి కట్టిన ఊరు ఇది. గడ్డిపరక మొలిచే చోటు లేదు. ఆ గేదె వాళ్ల ఇంటి అబద్ధం. ఎవరి గొంతునైనా, ముఖాన్నైనా, ఫోన్ నంబరునైనా ఎవరైనా తెచ్చుకోగలిగే రోజులు వచ్చాక, అవతల ఉన్నది మనవాళ్లేనని తేల్చుకోవడానికి ఇక్కడ ప్రతి కుటుంబం ఇలాంటిదొకటి పెట్టుకుంది. నిజం అడిగితే లాభం లేదు. పుట్టినరోజులు, జబ్బులు, పెళ్లి భోజనంలో ఏం వడ్డించారన్నది కూడా ఎక్కడో నమోదై ఉంటుంది, దొంగకు దొరుకుతుంది. ఎక్కడా జరగనిది మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో దీని మీద ఒక వార్త కూడా చదివాను.

నా పని వార్తలు రాసి, సాయంత్రం రేవు మెట్ల మీద నిలబడి నోటితో చదవడం. తెర మీద వచ్చినదాన్ని ఇక్కడ ఎవరూ నమ్మరు. మనిషి ఎదురుగా నిలబడి చెప్పాలి. రేపు అది తప్పని తేలితే అదే మెట్ల మీద అతన్ని పట్టుకుని అడగగలగాలి. తప్పు దొర్లితే నేనే సవరణ చదువుతాను. ఈ మధ్య సవరణ చదవాల్సిన అవసరం రాలేదు.

సింహాచలం టీకొట్టు దగ్గర నీటి సంఘం ప్రతిపాదన మీద వాదన నడిచింది. టోకెన్లు తీసేసి, కుళాయి దగ్గర గొంతు వినిపిస్తే నీళ్లు వదిలేలా చేస్తారట. గొంతులు ఎలాగూ ఎప్పుడో పోయాయి, ఇంకోసారి ఇస్తే పోయేదేముందని వల పనివాళ్లలో ఒకరు అన్నారు. "గొడుగు ఎలాగూ పోయిందని తలుపు తీసుకుని పడుకుంటామేంట్రా?" అన్నాడు సింహాచలం. అందరూ నవ్వారు. నన్నడిగితే, నాకు దాచుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి అభ్యంతరం లేదన్నాను.

"మీ ఇంట్లో ఇంకెవరూ లేరు కదండీ, అందుకని" అన్నాడు సింహాచలం, గ్లాసు చేతికిస్తూ.

మరిడమ్మ నిన్న చనిపోయింది. ఊరు కట్టిన తొలినాళ్లలో వచ్చినవాళ్లలో ఒకామె. రేపు వాళ్ల ఇంటికి వెళ్లాలి.

మంగళవారం

మరిడమ్మ పెద్ద కూతురు నూకరత్నం ఊరి జల్లెళ్లు కడుగుతుంది. సముద్రపు నీటిని తాగేలా వడకట్టే పొరల్ని ఇక్కడ జల్లెళ్లు అంటారు. వాటికి పట్టిన ఉప్పు, నాచు రోజూ గీకాలి. తల్లి పోయిన మూడో రోజున కూడా తొట్టె దగ్గరే ఉంది. తాను రాకపోతే సాయంత్రానికి ఊరికి నీళ్లు ఉండవంది. నేను పక్కనే పీట మీద కూర్చుని వివరాలు అడిగాను.

మరిడమ్మ భర్త చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఆమె చేప గానీ, రొయ్య గానీ నోట పెట్టలేదు. చివరిదాకా తోటకూర, పప్పు, చారుతోనే గడిపింది. ఊళ్లో చాలామందికి ఇది తెలుసు.

చిన్న కూతురు అచ్చియ్యమ్మ గురించి అడిగాను. నూకరత్నం చేతిలో గీకుడు చెక్క ఆగింది. అచ్చియ్యమ్మ భర్త గంగరాజు ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. కూతుర్ని తీసుకెళ్లి తన వాళ్ల దగ్గర పెంచుతానన్నాడు. పిల్ల పేరు పైడి. ఒక తెల్లవారుజామున అచ్చియ్యమ్మ పిల్లతో ఎగువకు, మెరక ఊళ్ల వైపు వెళ్లిపోయింది. ఏ ఊరన్నది అక్కకు మాత్రమే తెలుసు. ఫోన్ నంబరు గంగరాజుకూ తెలుసు. నంబరు దాచడం ఎవరి తరమూ కాదని, ఊరి పేరొక్కటే దాచగలిగామని నూకరత్నం చెప్పింది.

తల్లి గురించి చెల్లెలి మాట ఒకటి వార్తలో ఉంటే బాగుంటుందన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, చేతులు తుడుచుకుని, తన ఫోన్ నుంచే కలిపింది. చెల్లెలితో తాను మాట్లాడి, విలేకరి తారకం గారని చెప్పి నాకు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక మాటంది.

"అది ఏం చెప్పినా చదివే ముందు నాకొక్కసారి చెప్పండి తారకం గారూ. మర్చిపోకండేం."

తల ఊపాను. మా వృత్తిలో ఒక నియమం ఉంది. రాసింది చదవక ముందు ఎవరికీ చూపించం. చూపిస్తే ఇది తీసెయ్యండి, అది కలపండి అంటారు. ఇలా అడిగేవాళ్లకు ఎదురు చెప్పకుండా తల ఊపి నా పని నేను చేసుకోవడం ఎప్పుడో అలవాటైపోయింది.

ఫోన్ తీసుకుని తొట్టెల మోత వినపడని చోటికి నడిచాను. అచ్చియ్యమ్మ మెల్లగా మాట్లాడింది. అమ్మ గురించి గుర్తుండిపోయినది ఏదైనా చెప్పమన్నాను. "అమ్మకి రొయ్యల తలకాయల పులుసంటే ప్రాణమండి. మొన్న మొన్నటిదాకా వండుకునేది" అంది. తరవాత ఎందుకో ఆగింది. నేనేదో అంటానని చూసినట్టుంది. రాసుకుంటున్నాను, ఇంకేమైనా ఉందా అని అడిగాను. లేదంది.

ఇద్దరు కూతుళ్లు చెప్పినవి పొసగడం లేదు. రేపు విచారించాలి.

బుధవారం

మరిడమ్మ ఇరుగుపొరుగును అడిగాను. కిరాణా కొట్టులో అడిగాను. అందరూ పెద్ద కూతురి మాటే చెప్పారు. ఆ ఇంట్లో నీచు వాసన ఎవరికీ తెలియదు. చిన్న కూతురు ఊరు విడిచి చాలా కాలమైంది కాబట్టి జ్ఞాపకం తడబడి ఉండవచ్చు. ఆమె మాట తీసేయవచ్చు. కానీ చెప్పించుకుని వదిలేయడం న్యాయం కాదు. నిజం కాదని తెలిసి అలాగే చదవడమూ కుదరదు. మరణవార్త అయినా వార్తే.

సాయంత్రం ఇలా చదివాను: "భర్త మరణం తరవాత మరిడమ్మ చేపలు, రొయ్యలు ముట్టలేదని పెద్ద కూతురు నూకరత్నం చెప్పారు. రొయ్యల తలకాయల పులుసు ఆమెకు ప్రాణమని, ఇటీవలి వరకూ వండుకునేదని చిన్న కూతురు అచ్చియ్యమ్మ చెప్పారు. పెద్ద కూతురు చెప్పినదే వాస్తవమని ఇరుగుపొరుగు ధ్రువీకరించారు."

మరణవార్త చదివాక జనం మామూలుగా కాసేపు ఆ మనిషి గురించి మాట్లాడుకుంటారు. ఇవాళ ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో ఒకావిడ పిల్లవాడి చెయ్యి పట్టుకుని మధ్యలోనే వెళ్లిపోయింది. సింహాచలం టీ ఇచ్చాడు గానీ నా వైపు చూడలేదు. నూకరత్నం రాలేదు. మైల కదా, నలుగురిలోకి రాదు.

మరిడమ్మ అంటే ఊరికి అభిమానం. వార్త అందరినీ కదిలించినట్టుంది.

గురువారం

నిన్న రాసిన చివరి వాక్యం కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు. ఉండనీ.

తెల్లారగానే నూకరత్నం వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, రాత్రి ఎవరో చెబితే తెలిసిందని, నేను చదివింది నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు. ఏదైనా పొరపాటు ఉంటే సవరణ చదువుతానన్నాను.

"పొరపాటేం లేదండి. అంతా కరెక్టే. మా అమ్మ రొయ్య ముట్టలేదు. ఆ పులుసు మా ఇంటి అబద్ధం" అంది.

ఆమె ఆ తరవాత చెప్పింది రాస్తున్నాను. గంగరాజుకు తెలియకుండా, చెల్లెలు వెళ్లేటప్పుడు ఇద్దరూ దాన్ని పెట్టుకున్నారు. కొత్త మనిషి మాట్లాడితే అచ్చియ్యమ్మ ఇంటి అబద్ధం చెబుతుంది. ఆ మనిషి దాన్ని గుట్టుగా అక్క చెవిన వేస్తాడు. తాను మాట్లాడించింది చెల్లెలినేనని, మధ్యలో ఇంకెవరూ దూరలేదని అక్కకు అప్పుడు తెలుస్తుంది. గట్టుపేటలో కబురు మోసే ప్రతి మనిషికీ ఈ పద్ధతి తెలుసు. చదివే ముందు నాకు చెప్పండి అన్నది అందుకే. ఆమె నా వార్త దిద్దాలనుకోలేదు.

నేను దాన్ని మెట్ల మీద నిలబడి చదివాను. చదవడంతో ఆగలేదు. అది అబద్ధమని విచారించి మరీ నిరూపించాను. దాక్కున్న మనిషి ఒకటి చెప్పింది, ఊరంతా ఇంకోటి చెప్పింది. ఇంటి అబద్ధం ఏదో తెలుసుకోవడానికి గంగరాజుకు ఇంతకంటే ఏం కావాలి? అతను నిన్న జనంలో ఉన్నాడని సింహాచలం ఇవాళ చెప్పాడు. నేను చదవడం మొదలుపెట్టాకే సింహాచలం అతన్ని చూశాడట. చెయ్యి ఊపి ఆపబోయేసరికే ఆ వాక్యం అయిపోయిందట. చెయ్యి ఊపడం నేనూ చూశాను. ఈగల్ని తోలుతున్నాడనుకున్నాను.

నూకరత్నం రాత్రే చెల్లెలికి ఫోన్ చేసింది. అబద్ధం మార్చుకుందామనుకుంది. మార్చుకోవాలంటే ముందు పాతది చెప్పాలి. పులుసు సంగతి చెప్పింది. అవతలి నుంచి అచ్చియ్యమ్మ ఇలా అందట.

"అది ఇందాకే మార్చుకున్నాం కదా. కొత్తది చెప్పు."

నూకరత్నం కంటే ముందే ఆమె గొంతుతో ఎవరో చేశారు. పాతది చెప్పి, నమ్మించి, కొత్తది పెట్టేశారు. కొత్తది ఏమిటో ఇప్పుడు అసలు అక్కకు తెలియదు. నేనేనే, నీ అక్కనే అని ఏడ్చింది. చిన్నప్పుడు ఇద్దరూ పడవ కింద దాక్కున్నది చెప్పింది, తల్లికి పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పింది. "ఏం చెప్పినా నిజాలేనండి. నిజాలన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయి కదా" అంది నాతో. ఎవరివో గానీ నువ్వు మళ్లీ చెయ్యకు, మా అక్క ఆదివారం అమ్మ అస్థికలు తెస్తానంది, అని చెప్పి అచ్చియ్యమ్మ పెట్టేసింది. ఎక్కడికి రమ్మన్నారో మాత్రం చెప్పలేదు. తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అస్థికల కుండ నూకరత్నం ఇంటి చూరుకే వేలాడుతోంది.

ఇద్దరం పోలీసు ఔట్‌పోస్టుకు వెళ్లాం. అక్కడ కుర్చీలో ఉన్నాయన అంతా విన్నాడు. రెండు ఫోన్లూ ఒకే గొంతుతో వెళ్లాయి కాబట్టి మొదటిది మీరు చేసింది కాదనడానికి రుజువేమిటని నూకరత్నాన్ని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. నేనైనా అదే అడిగేవాణ్ణి.

తిరిగి వచ్చే దారిలో ఆమె నాకు రెండడుగుల దూరంలో నడిచింది. సాయంత్రం సముద్రపు పోటుపాటుల వేళలు, పడవల రాకపోకలు మాత్రం చదివాను. జనం విని వెళ్లిపోయారు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

శుక్రవారం

నూకరత్నం చెల్లెలి దగ్గరికి స్వయంగా వెళ్లడానికి వీల్లేదు. ఆమె ఇంటి ఎదుట నిన్నటి నుంచి గంగరాజు మనిషి ఒకడు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఆమె పడవెక్కితే వెనకే వస్తాడు. అచ్చియ్యమ్మ ఉండే ఊరు అతనికి ఇంకా తెలియదు. తెలియకూడదు.

వరద మట్టం చూడటానికి నేను తరచూ ఎగువకు వెళ్తుంటాను కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేను వెళ్తానన్నాను. తొట్టె దగ్గర నీళ్ల మోతలో ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీ మీద నమ్మకం ఉండి చెప్పట్లేదు. మీ ముఖం చూస్తున్నాను కదా, ఈ ఒక్కసారికి నోరు కట్టేసుకుంటారని చెప్తున్నాను" అంది.

ఊరి పేరు చెప్పింది. దాన్ని ఇక్కడ కూడా రాయను. చెల్లెలికి ఆనవాలుగా ఏమైనా ఇస్తుందేమో అని అడిగాను. దొంగిలించడానికి వీల్లేని వస్తువు మా ఇంట్లో ఏదీ లేదంది.

మధ్యాహ్నం లాంచీ ఎక్కాను. దారి పొడుగునా, వెళ్లి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ప్రతి వాక్యమూ దొంగ కూడా చెప్పగలిగేదే.

శనివారం

ఆమె ఇల్లు దొరికింది. తలుపు గొలుసు తీయకుండా, బెత్తెడు సందులోంచి మాట్లాడింది. ముఖం సగమే కనిపించింది. గడప లోపల చిన్నపిల్ల చెప్పులు ఉన్నాయి.

నేను తారకాన్నని, మంగళవారం ఫోన్‌లో మాట్లాడింది నేనేనని చెప్పాను. "కొత్తది చెప్పండి" అంది. తెలియదన్నాను. బుధవారం రాత్రి మొదట ఫోన్ చేసింది మీ అక్క కాదు, రేపు ఎక్కడికీ వెళ్లకండి అన్నాను. "మోసం చేసేవాళ్లు కూడా ఇదే చెప్తారు" అంది. ఆమె కంగారుపడలేదు. ఇలాంటివాటికి అలవాటుపడ్డ మనిషిలా మాట్లాడింది.

మెట్ల మీద చదివిన మూడు వాక్యాలూ ఆమెకు అక్షరం పొల్లు పోకుండా వినిపించాను. ఇరుగుపొరుగు ధ్రువీకరించారన్నది కూడా చెప్పాను.

"అక్క చదవొద్దందా?"

"చదివే ముందు తనకు చెప్పమంది."

"చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకని?"

నియమం గురించి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే సంజాయిషీలా వినిపించింది. రాసింది ఎవరికీ ముందు చూపించం, నిజం మీద ఒత్తిడి ఉండకూడదని, అని ఏదో అన్నాను.

"మా అమ్మ రొయ్యలు తిందో లేదో, అది మీకెందుకండీ అసలు?" అంది.

ఊరికి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా ఒరిగేదేమీ లేదు. రెండు మాటలు పొసగలేదు, ఏది సరైనదో తేల్చగలను కాబట్టి తేల్చాను.

లోపలి నుంచి పైడి ఎవరమ్మా అని అడిగింది. ఎవరూ కాదంది అచ్చియ్యమ్మ. నాతో, మీరు వెళ్లండి అని తలుపు వేసింది. నమ్మిందో లేదో చెప్పలేదు.

ఆదివారం

రాత్రి రేవు షెడ్డులో పడుకుని, వెలుగు రాగానే మళ్లీ వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది. లోపల చాప, ఒక గిన్నె ఉన్నాయి. చెప్పులు లేవు. పిల్లను ఎత్తుకుని చీకటి ఉండగానే వెళ్లిందని ఎదురింటివాళ్లు చెప్పారు. ఎటన్నది వాళ్లకు తెలియదు. ఫోన్‌లో రమ్మన్న చోటికే ఆమె వెళ్లిందా, ఇంకెక్కడికైనా వెళ్లిందా అన్నది నాకు తెలియలేదు. పగలంతా లాంచీలో అదే ఆలోచన.

సోమవారం

గంగరాజు నిన్న సాయంత్రం గట్టుపేటకు తిరిగి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. టీ డబ్బులు విసిరేసి వెళ్లాడని, ఎవరితోనూ మాట్లాడలేదని సింహాచలం చెప్పాడు. వలవాడు కూడా వాకిలి ఖాళీ చేశాడు. పిల్ల వాళ్లకు దొరకలేదు. మొదటి ఫోన్ అతనే చేయించాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అందుకని చదవను.

జల్లెళ్ల దగ్గరికి వెళ్లి నూకరత్నానికి జరిగింది చెప్పాను. చేతిలో పని ఆపకుండా విన్నది.

"మిమ్మల్ని నమ్మిందా?"

"నమ్మలేదనుకుంటాను."

"అతన్ని?"

"అతన్నీ నమ్మలేదు."

"అయితే బతుకుద్ది" అంది. పొర తిరగేసి, "నన్ను కూడా నమ్మదింక" అంది.

అచ్చియ్యమ్మ ఎక్కడుందో ఇప్పుడు గంగరాజుకు తెలియదు, అక్కకూ తెలియదు. ఆమె ఫోన్ చేసినా అక్కకు నిర్ధారించుకునే వీలు లేదు. అక్క చేసినా ఆమె ఎత్తదు. కొత్త అబద్ధం కుదుర్చుకోవాలంటే ఇద్దరూ ఒకచోట ఎదురెదురుగా కూర్చోవాలి. ఆ చోటు ఏదో చెప్పుకోవడానికి ఇద్దరికీ ఉన్న దారి ఫోన్ ఒక్కటే.

నీటి సంఘం గొంతు కుళాయిల మీద ఇవాళ చేతులెత్తించింది. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని ఎవరూ అడగలేదు.

గురువారం

రోజూ కాసేపు జల్లెళ్లు కడగడానికి వెళ్తున్నాను. ఆమె రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. మొదటి రోజు నేను గీకిన పొర చిరిగింది. చెక్క ఏటవాలుగా పట్టుకోవాలని చూపించింది. అంతకు మించి మాటలు లేవు. నిన్న అస్థికలు ఒక్కతే కలిపి వచ్చింది.

ఇవాళ మేం పనిలో ఉండగా తొట్టె గట్టు మీద ఆమె ఫోన్ మోగింది. చెల్లెలి పేరు వచ్చింది. నూకరత్నం తడి చేత్తోనే నొక్కి, అక్కడే ఉంచింది.

"అక్కా" అంది గొంతు. "అక్కా, నేనే. పైడికి పడిశం పట్టింది. నువ్వు తిన్నావా?"

నూకరత్నం మాట్లాడలేదు. అడగడానికి ఆమె దగ్గర ప్రశ్న లేదు. మామూలుగా జవాబిస్తే ఒక మాటలోంచి ఇంకో మాట లాగుతారు. పెట్టేస్తే, అవతల ఉన్నది చెల్లెలే అయితే మళ్లీ చేయకపోవచ్చు. చేతులు నీళ్లలో ఉంచి వింటూ కూర్చుంది. గొంతు ఇంకా ఏవో చెప్పింది. అక్కడ ఎడతెరిపి లేకుండా వాన పడుతోందని, పిల్ల అమ్మమ్మను అడుగుతోందని. మధ్యలో ఒకసారి దగ్గింది. "ఉన్నావా అక్కా?" అని అడిగి, కాసేపు చూసి, పెట్టేసింది.

నేను చేతిలో ఉన్న పొరను మళ్లీ గీకడం మొదలుపెట్టాను.

"ఎవరైనా కానీండి" అంది నూకరత్నం కొంతసేపటికి. "గొంతైతే దానిదే కదా."

ఫోన్ చేసింది ఎవరన్నది నిర్ధారించే మార్గం నాకు లేదు. ఆమెకు ఉండేది. దాన్ని ఊరందరి ముందు చదివేశాను.